జీడి మచ్చ కింద నల్ల బూజు

మా ఇంట్లో అందరిలోకీ నల్లగా పుట్టింది నేనే. నాన్నది చామనఛాయ, అమ్మ పచ్చగా ఉంటుంది, తమ్ముడు అమ్మ పోలిక. గద్వాలలో మా నేతవాళ్ల వీధిలో రంగుల గురించి మాట్లాడటం వృత్తిలో భాగం. ఏ చీరకు ఏ రంగు అంచు నప్పుతుందో చూసి చెప్పే కళ్లు మనుషుల్ని మాత్రం ఎందుకు వదులుతాయి? మా మేనత్త వచ్చినప్పుడల్లా నన్ను పైనుంచి కిందికి చూసి, "కాకిపిల్ల కాకికి ముద్దు" అని అమ్మను దెప్పేది. అమ్మ కండెలు చుట్టే రాట్నం ఆపకుండానే, "కాకులు రాకుంటె రేపు నీ పిండం ముట్టేదెవరు వదినా?" అనేది. వాళ్లిద్దరికీ అదొక సరదా. నాకు మాత్రం లోపల మంటగా ఉండేది.

ఆ మంట మీద నీళ్లు చల్లింది వృక్షశాస్త్రం. ఎమ్మెస్సీ చదవడానికి హైదరాబాదు వెళ్లి శిలీంధ్రాల పాఠాలు వింటున్నప్పుడు మెలనిన్ అనే మాట నన్ను గట్టిగా పట్టుకుంది. మన చర్మానికీ వెంట్రుకలకూ నలుపునిచ్చే పదార్థమే, కాకపోతే దాని దాయాది, కొన్ని బూజుల కణాల గోడల్లో కూడా ఉంటుందట. అది ఉన్న బూజును ఎండ మాడ్చలేదు, కరువు ఎండగట్టలేదు. ఘాటైన ఆమ్లంలో వేసి మరిగించినా ఆ నలుపు కరగదు. తెల్లబూజులు చచ్చేచోట నల్లబూజు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. మా మేనత్తకు ఇవ్వాల్సిన జవాబు ఇన్నేళ్లకు దొరికిందని నేను పొంగిపోయాను. పరీక్ష కోసం చదివినవాళ్లు మా తరగతిలో చాలామంది ఉన్నారు. పగ తీర్చుకోవడానికి చదివింది బహుశా నేనొక్కదాన్నే.

ఎనభైల చివర్లో నాగర్‌కర్నూల్లోని ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. పాఠం వేరుకు సంబంధించినదైనా, పువ్వుకు సంబంధించినదైనా, గంట కొట్టేలోపు నల్లబూజు దగ్గరికి వచ్చి ఆగేదాన్ని. "నలుపు అంటే గొడుగు, నలుపు అంటే కవచం" అని బల్ల మీద చెయ్యి కొట్టి చెప్పేదాన్ని. నేను బయటికి వెళ్లగానే వెనక బెంచీ పిల్లలు అదే గొంతుతో అదే బల్ల కొట్టేవాళ్లని తర్వాత తెలిసింది. వాళ్లు బాగానే చేసేవాళ్లట.

కాలేజీతో ఆగి ఉంటే బాగుండేది. అయిజలో బంధువుల పెళ్లికి వెళ్లి, భోజనాల పంక్తిలో పక్కన కూర్చున్న రైతులు వరికి అగ్గితెగులు వచ్చిందని చెప్పుకుంటుంటే వినేసి, విస్తరి ముందే పాఠం మొదలుపెట్టాను. ఆ తెగులు బూజు ఆకు మీద వాలి, చిన్న కుండలాంటి కణం కట్టుకుంటుందనీ, దాని గోడకు నల్లపూత పూసుకుంటుందనీ, ఆ పూత ఉంటేనే లోపల ఒత్తిడి నిలిచి ఆకును పొడవగలుగుతుందనీ చెప్పాను. పూత పడకుండా ఆపే మందు ఉందనీ, అయితే తెగులు కనబడకముందే కొట్టాలనీ, లోపలికి దిగాక కొడితే దండగనీ వేలు ఊపుతూ చెప్పాను. ఒక పెద్దాయన చివరిదాకా ఓపికగా విన్నాడు. "మంచిగ చెప్పినవు బిడ్డా. గా పప్పు గిన్నె జర ఇటు జరుపు" అన్నాడు.

నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఎవరైనా తప్పు మాట్లాడితే ఊరుకోలేకపోయేదాన్ని. అందరికంటే ఎక్కువగా బలైపోయింది అమ్మ. ఉరుములకు కుక్కగొడుగులు మొలుస్తాయని అమ్మ అంటే, ఉరుముకూ దానికీ సంబంధం లేదని, నేలలోని బూజుపోగుల గురించి చెప్పేదాన్ని. "సరె తియ్, నువ్వు చెప్పినట్లె మొలుస్తయి" అని అమ్మ గిన్నెలు సర్దుకునేది. నేను గెలిచాననుకునేదాన్ని.

ఇంత తెలిసినదాన్ని, ఒక చలికాలం పిల్లల్ని వెంటబెట్టుకుని అమ్రాబాద్ అడవికి వెళ్లాను. మొక్కలు సేకరించి, కాగితాల మధ్య ఒత్తిపెట్టి తేవాలి. కొంతదూరం నడిచేసరికి నా రబ్బరు చెప్పు పట్టీ తెగింది. ఒక అమ్మాయి తన చెప్పులు విప్పి, "మేడం, ఇవి తొడుక్కోండ్రి" అంది. తీసుకుని ఉండొచ్చు. కానీ అధ్యాపకురాలికి ఒక హోదా ఉంటుందని నా నమ్మకం. "నేల తగలకుండా వృక్షశాస్త్రం రాదు" అని అప్పటికప్పుడు ఒక సూక్తి పుట్టించి, ఉత్త కాళ్లతో ముందు నడిచాను. పిల్లలు కొందరు ఆ మాట రాసుకున్నారు కూడా. ఇంకాసేపటికి ముల్లు కుడికాలి చివరి రెండు వేళ్ల కింద లోపలిదాకా దిగింది. సూక్తి చెప్పినదాన్ని కదా, అబ్బా అని కూడా అనలేదు.

పిన్నీసుతో పొడుచుకుంటే సగం ముల్లు వచ్చింది. మిగతాది లోపలే ఉండిపోయింది. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి, వనపర్తిలో బస్సు మారి, కృష్ణ దాటి గద్వాలకు చేరేసరికి కుంటుతున్నాను. అమ్మ చూడగానే జీడిగింజ తీసింది. మా వైపు ముల్లు దిగితే చేసే మొదటి వైద్యం అదే. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి అన్నమాట. గింజను సూదికి గుచ్చి దీపం మీద కాల్చితే నల్లటి నూనె ఊరుతుంది. ఆ వేడినూనెతో ముల్లు దిగిన చోట చురుక్కుమనిపిస్తారు. చీము పట్టదనీ, ముల్లు తనంతట తానే పైకి తేలుతుందనీ నమ్మకం. అక్కడ నల్లగా మచ్చ పడుతుంది. చర్మం ఊడితే తప్ప ఆ మచ్చ పోదు.

అమ్మ జీడి పెడుతుంటే నేను వ్యాఖ్యానం చెప్పాను. జీడినూనెలో ఫలానా రసాయనాలుంటాయి, గాలి తగిలితే నల్లబడతాయి, మెలనిన్ పుట్టే తీరు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, కాబట్టి ఇందులో కొంత శాస్త్రం లేకపోలేదు అన్నాను. అమ్మ చేసే పనుల్లో ఒక్కదాన్నైనా నా శాస్త్రం ఒప్పుకున్నందుకు ఆమె సంతోషిస్తుందనుకున్నాను. "కాలు కదిలియ్యకు, కాల్తది" అంది అమ్మ.

కొన్ని వారాలకు ముల్లు సంగతి మరిచిపోయాను. అక్కడ చిన్న గడ్డ మాత్రం మిగిలింది. నొప్పి లేదు, దురద లేదు, జ్వరం లేదు. ఉలుకూ పలుకూ లేని గడ్డ. నొప్పి లేనిది రోగం కాదని లోకమంతా అనుకుంటుంది. ఆ ఒక్క విషయంలో నేను లోకాన్ని సవరించలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా అమ్మ చూసేది, ముల్లు ఇంకా లోపలే ఉందనేది, మళ్లీ జీడి పెట్టేది. పాత మచ్చ ఊడకముందే కొత్త మచ్చ పడేది. అరికాలు ముందుభాగమంతా నల్లగా, పెనం అడుగులా తయారైంది.

వానాకాలం వచ్చి వెళ్లింది, ఎండాకాలం వచ్చింది. గడ్డ మెల్లగా పెరిగింది. కుడికాలు చెప్పు పట్టకపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర పట్టీ వదులు చేయించుకున్నాను. అదీ బిగుతైతే మళ్లీ వదులు చేయించాను. ఏడాది దాటాక గడ్డ మీద సన్నటి రంధ్రాలు పడి, వాటిలోంచి జిగటగా కారింది. ఆ జిగటలో నల్లటి నలుసులు ఉన్నాయి. అమ్మ వాటిని వేలిమీదికి తీసి వెలుతురులో చూసింది. ముఖం వెలిగిపోయింది.

"చూసినవా, ముల్లు పొడిపొడై బయటికొస్తున్నది! నేను చెప్పలె? జీడి పెడితె ఎంత లోపలున్నదైనా రావాల్సిందే."

నేను చూశాను. శిలీంధ్రాల మీద ఎమ్మెస్సీ చేసిన ఈ కళ్లతోనే చూశాను. పరాయి వస్తువును శరీరం క్రమంగా బయటికి నెట్టేస్తుందని, అది సహజమేనని వివరించాను. ఎండిన జీడి కూడా కొంత రాలుతూ ఉండొచ్చని కలిపాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. ఆ రోజు అమ్మ సంతోషంతో పాయసం చేసింది. నేను రెండుసార్లు పోయించుకుని తాగాను.

అసలు సంగతి బయటపడింది కూడా నా కాలు వల్ల కాదు, నోటి వల్ల. పాఠాలు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. గద్వాలకు వెళ్తూ వనపర్తిలో బస్సు మారేటప్పుడు, బస్టాండు దగ్గరున్న ఒక డాక్టరమ్మ దవాఖానకు వెళ్లాను. ముస్లింల ఇంటి ఆడమనిషి, వయసులో నాకంటే కాస్త పెద్ద. గొంతులోకి టార్చి వేసి చూసి, "పదిరోజులు నోరు మూసుకుంటె అదే తగ్గిపోతది" అంది. మందుచీటీ రాస్తూ కిందికి చూసింది. నా చెప్పుల పట్టీలు ఒకటి పొడవు, ఒకటి పొట్టి.

"కాలు గిట్ల ఎన్ని దినాల సంది ఉంది మేడం?"

"ముల్లు గుచ్చుకుంది. నొప్పేం లేదు."

"నొప్పి అడగలె నేను. ఎన్ని దినాలని అడిగిన." నన్ను బల్ల మీదికి ఎక్కించి కాలు చేతిలోకి తీసుకుంది. స్పిరిట్ దూదితో ఎంత రుద్దినా నలుపు పోలేదు. "గిదేంది?"

"జీడి. మా అమ్మ పెడుతుంది" అన్నాను. అంతటితో ఆగొచ్చు కదా. గొంతు బొంగురుగా ఉన్నా, జీడినూనె గాలికి ఎందుకు నల్లబడుతుందో మొదలుపెట్టాను.

ఆమె దూది పట్టుకుని ఆగింది. "మీ పాఠం అయినంక చెప్పుండ్రి, నొక్కి చూస్త."

నోరు మూశాను. ఆమె గడ్డ పక్కన బొటనవేలితో నొక్కింది. ఒక రంధ్రంలోంచి, ఆవగింజలో సగం కూడా ఉండదు, గట్టి నల్ల గింజ జారి తెల్లటి గుడ్డ మీద పడింది. దాని వెనకే ఇంకొకటి.

"జీడి పైన ఉంటది మేడం. ఇది లోపలికెల్లి వొచ్చింది" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. తర్వాత ఖాళీ మందుసీసా ఒకటి కడిగి, ఆ గింజల్ని అందులో వేసి నా చేతికిచ్చింది. "నాకు అనుమానం ఉంది గని, చూసెటందుకు నా దగ్గర మైక్రోస్కోపు లేదు. మీ కాలేజీల ఉంటది గద? మీరే చూసి నాకు చెప్పుండ్రి. పరేషాన్ గావద్దు. గని ఆలస్యం జెయ్యొద్దు."

ఆ రోజు గద్వాలకు వెళ్లలేదు. వెనక్కి తిరిగి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. ప్రయోగశాల తాళం నా దగ్గరే ఉండేది. ఒక గింజను గాజుపలక మీద పెట్టి, కాస్టిక్ పొటాష్ చుక్క వేసి, కాస్త వెచ్చచేసి, పైన పల్చటి గాజు మూత వేసి అదిమాను. పిల్లలకు వందసార్లు చూపించిన పనే. వంగి చూశాను.

ముదురు గోధుమరంగు ముద్ద. దాని అంచుల్లోంచి అడ్డగోడలతో, కొమ్మలు వేస్తూ పోగులు. కొన్నిచోట్ల ఉబ్బిన కణాలు. అంతా నల్లటి జిగురులో పొదిగినట్టు ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ముల్లుతోనో మట్టితోనో అరికాల్లోకి దిగి, లోపల ఊరు కట్టుకుని, నల్ల గింజలు విడిచే బూజు. చెప్పుల్లేకుండా పొలంలో నడిచేవాళ్లకు వచ్చే రోగమని నేనే ఏటా చెబుతాను. మొదట నాకు కలిగింది భయం కాదు. ఇంత స్పష్టమైన నమూనా మా కాలేజీలో లేదే, పిల్లలకు చూపించాలి అనుకున్నాను. ఆ తర్వాతే నమూనా ఎక్కడినుంచి వచ్చిందో బుర్రకెక్కింది. స్టూలు పట్టుకుని కూర్చుండిపోయాను.

అక్కడ కూర్చుని నా పాఠం నాకే అప్పజెప్పుకున్నాను. ఒంట్లోకి వచ్చిన శత్రువు మీద మన రక్తకణాలు ఘాటైన రసాయనాలు చిమ్ముతాయి. మామూలు బూజైతే చస్తుంది. నల్లబూజు గోడలోని మెలనిన్ ఆ ఘాటునంతా తనలోకి పీల్చుకుని చల్లార్చేస్తుంది. మందులు వేసినా ఆ గోడ దాటి లోపలికి వెళ్లడం కష్టం. గొడుగు, కవచం అని ఇన్నేళ్లు బల్ల కొట్టి చెప్పింది నిజమే. ఎవరి నెత్తి మీద గొడుగు అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. నలుపంటే నా పక్షమే అనుకున్నాను. దానికి పక్షం లేదు. మా మేనత్త మీద గెలవడానికి నేను పెంచుకున్న అభిమానం నా కాల్లోనే కాపురం పెట్టింది.

పాత పుస్తకం తీసి చికిత్స దగ్గర చూశాను. ముదిరితే పాదం తీసేయడమే అని ఉంది. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివినదే. పరీక్షలో రాయడానికి బాగుంటుందని కింద గీత కూడా గీసి ఉంది. భయమేసింది. ఏడుపు వచ్చింది. కాలు లేకుండా నాగర్‌కర్నూల్ బస్సెలా ఎక్కుతాను, తరగతిలో ఎలా నిలబడతాను, ఉద్యోగం ఉంటుందా అని పిచ్చి ఆలోచనలన్నీ వచ్చాయి.

మర్నాడు గద్వాలకు వెళ్లి చెప్పాను. నాన్న గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. కాళ్లతో తొక్కి బతికేవాడికి కాలు పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ మాత్రం చాలాసేపు నా అరికాలు చూసి, "నలుపంత జీడే అనుకుంటిమి గద" అంది. లేచి వెళ్లి శనగపిండి తెచ్చి రుద్దింది. పోలేదు. కొబ్బరినూనె పెట్టింది. చివరికి దీపంలోని కిరోసిన్ గుడ్డ మీద పోసి రుద్దింది. జీడి అలా పోదని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. నేను ఏమీ అనలేదు. డాక్టరమ్మ నోరు మూసుకోమంది కదా అని మనసులో అనుకున్నాను.

నేను చూసింది చెప్పాక డాక్టరమ్మ ఉత్తరం రాసిస్తే, అమ్మా నేనూ హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు వెళ్లాం. అక్కడి సర్జన్ ఎక్సరేను వెలుతురుకు పట్టుకుని చూశాడు. "మీరు బాటనీ లెక్చరర్ అన్నారు కదా, మీకు నేను వివరంగా చెప్పనక్కర్లేదు" అన్నాడు.

"చెప్పండి సార్" అన్నాను. ఎదుటివాళ్ల పాఠం వినాలని అంతగా అనిపించడం అదే మొదలు.

చివరి రెండు వేళ్ల ఎముకల్లో సన్నగా తొలుచుకుపోయిన గుర్తులు ఉన్నాయన్నాడు. అక్కడే ఆగిందా, పాదం మధ్య ఎముకల్లోకి పాకిందా అన్నది కోసి చూస్తేగానీ తెలియదు. ముందు కొన్ని నెలలు మాత్రలు వాడాలి. గడ్డ కుంచించుకుపోయి గట్టిపడితే ఒక్కముద్దగా తీసేయొచ్చు. పాకి ఉంటే పాదం ఉంచలేం అన్నాడు. ఇంకాస్త ముందుగా రాలేకపోయారా అని కూడా అడిగాడు. నేను అమ్మ వైపు చూడలేదు.

ఆ నెలల్లో మాత్రలు తిని తిని నోరు చేదెక్కింది. అన్నం చూస్తే వాంతి వచ్చేది. స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పేదాన్ని. ఆ ఏడు నల్లబూజు పాఠం వచ్చినప్పుడు, పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కలు చెప్పి గంట కొట్టకముందే ముగించాను. వెనక బెంచీలో ఎవరూ బల్ల కొట్టలేదు. వాళ్లకు ఎలా తెలిసిందో గాని తెలిసిపోయింది. కాలు గీరుకున్న ప్రతి అబ్బాయీ నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇది నల్లగున్నదా చూడుండ్రి" అని చూపించేవాడు. వాళ్ల కాళ్లన్నీ చూశాను. అంతా ఉత్త మట్టే.

ఆపరేషన్ రోజు ఒక కాగితం తెచ్చారు. అవసరమైతే పాదం తీసేయడానికి ఒప్పుకుంటున్నానని సంతకం చెయ్యాలి. రోగం పేరులో ఒక అక్షరం తప్పుపడితే, దిద్ది మరీ సంతకం పెట్టాను. నర్సు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి కాలి మీద పెద్ద కట్టు ఉంది. లోపల పాదం ఉందో లేదో ఆ కట్టు చూసి చెప్పలేం. వేళ్లు కదిపి చూద్దామంటే ఏది కదిలిందో తెలియడం లేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రశ్న అడగడానికి భయపడింది అప్పుడే. సర్జన్ వచ్చి, "పాదం ఉందమ్మా. చివరి రెండు వేళ్లు తీసేశాం. మిగతా ఎముక శుభ్రంగా ఉంది. మాత్రలు మాత్రం ఇంకా చాలాకాలం వాడాలి" అన్నాడు. నేను దండం పెట్టాను. ఆయన వెళ్లిపోయాక ముఖానికి దుప్పటి కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. రెండు వేళ్లు పోయాయనా, మూడు మిగిలాయనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

దుప్పటి తీసేసరికి మంచం పక్కన అమ్మ కూర్చుని ఉంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని తమ్ముడు చెప్పి, టీ తెస్తానని బయటికి వెళ్లాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. ఆమె బొటనవేలూ చూపుడువేలూ జీడి అంటి నల్లగానే ఉండేవి, ఎప్పుడూ దాచుకునేది కాదు.

"బిడ్డా, నిజం చెప్పు. నేను పెట్టిన జీడితోటేనా గింత దూరం వచ్చింది?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. జీడి వల్ల ఈ రోగం రాదు. రోగాన్ని దాచింది మాత్రం జీడే. ఆ మచ్చ లేకపోతే నల్ల నలుసులు వేరే అని ముందే తెలిసేది, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తీసేసేవాళ్లు, వేళ్లు ఉండేవి. మార్కులన్నీ పడే జవాబు. నాలుక చివరిదాకా వచ్చింది. కొంగులో ఉన్న ఆ చేతుల వైపు చూశాను.

"కాదమ్మా" అన్నాను. "నువ్వు జీడి పెట్టబట్టే అది వేళ్ల కాడనే ఆగిందట. లేకుంటె ఎప్పుడో పైకి పాకుతుండెనట. డాక్టర్ సాబే అన్నడు. నువ్వు చేసింది మంచిదే అయింది."

అమ్మ నన్ను అలాగే చూసింది.

"నువ్వు మాటలు నేర్చినకాన్నుంచి నేనన్నది ఒక్కటన్న అవునంటివా? వానొస్తదంటె కాదంటివి, ఎండ కొడ్తుందంటె కాదంటివి. ఇయ్యాల నేను చేసింది మంచిదంటున్నవు." "గిది అబద్ధమే బిడ్డా."

ఇన్నేళ్లు ఆమెతో వాదించి గెలిచినదాన్ని, ఒక్క అబద్ధం నిలబెట్టుకోలేకపోయాను. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. అమ్మ కొంగులోంచి చేతులు తీసి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంగొకసారి చెప్పు" అంది.

చెప్పాను. ఈసారి డాక్టరు అనని మాటలు ఇంకో నాలుగు కలిపి చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని, చివరిదాకా వింది.